‘ప్రభుత్వ వ్యతిరేకత’ అంటే ఎవరు ఎవరిని వ్యతిరేకించినట్టు?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. 1993 అక్టోబరులో రష్యా నౌక ఒకటి జపాన్ సముద్రంలో సుమారు 900 టన్నుల ద్రవరూప రేడియోధార్మిక వ్యర్థాన్ని పారబోసిన ఉదంతం మీద మా సంచికకు ఒక వ్యాసం వచ్చింది. దానికి రచయిత ‘అణువ్యర్థాల పారబోత: జపాన్‌లో ప్రభుత్వ వ్యతిరేకత’ అని పేరు పెట్టారు. జపాన్ ప్రభుత్వం రష్యాను నిలదీసిందని ఒక సంపాదకుడు, జపాన్ ప్రజలు తమ ప్రభుత్వం మీదనే తిరగబడ్డారని మరొకరు అర్థం చేసుకున్నారు. లోపం సమాసంలో ఉన్నదా, వాడుకలో ఉన్నదా?

మొదటి జవాబు:
సమాసంలో లోపం లేదండీ. షష్ఠీ తత్పురుషంలో పూర్వపదం పని చేసినవారిని చెప్పవచ్చు, ఆ పనికి గురైనవారినీ చెప్పవచ్చు. ‘కవి రచన’లో కవి రచించినవాడు, ‘రావణ వధ’లో రావణుడు చచ్చినవాడు. ‘కర్తృకర్మణోః కృతి’ అని పాణిని ఒకే సూత్రంలో రెండింటికీ చోటిచ్చాడు. ఎక్కడ ఏ అర్థమన్నది వాడుకే తేలుస్తుంది. ఎన్నికల వార్తల పుణ్యమా అని మన పత్రికల్లో ‘ప్రభుత్వ వ్యతిరేకత’ అంటే పాలకుల మీద జనానికి పుట్టిన విముఖత అనే అర్థం గట్టిపడిపోయింది. చిత్రమేమిటంటే ‘ప్రజా వ్యతిరేకత’ ప్రజలు చూపేది, ‘ప్రజా వ్యతిరేక విధానం’ మాత్రం ప్రజలకు చేటు చేసేది. చివర ఒక్క ‘త’ చేరేసరికి కర్త, కర్మ తారుమారయ్యాయి.

మీ వ్యాసంలోని కథకు కర్త ప్రభుత్వమే. రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ టోక్యో వచ్చి వెళ్లిన కొద్ది రోజులకే ఈ పారబోత జరగడంతో జపాన్ ప్రభుత్వం తీవ్రంగా నిరసించింది, రష్యా రెండో విడతను ఆపుకున్నది. ఆ మరుసటి నెలలో, సముద్రంలో వ్యర్థాల పారవేతపై 1972లో కుదిరిన లండన్ ఒప్పందంలోని దేశాలు సమావేశమై, తక్కువ తీవ్రత గల రేడియోధార్మిక వ్యర్థాలను కూడా నిషేధించాయి. ‘రష్యా పారబోతపై జపాన్ ప్రభుత్వ నిరసన’ అంటే సందేహం మిగలదు. ‘అభ్యంతరం’ ఇక్కడ చాలదు, అది దస్త్రాల్లో రాసుకునే మాట.

రెండవ జవాబు:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక సంగతి చేర్చాలి. ఆ జపానే 1980 ప్రాంతంలో తన అణువ్యర్థాల పీపాలను పసిఫిక్‌లో, మరియానా దీవులకు ఉత్తరాన ముంచాలని తలపెట్టినప్పుడు, పసిఫిక్ ద్వీప ప్రభుత్వాలు దాన్ని గట్టిగా ఎదుర్కొన్నాయి. 1983లో లండన్ ఒప్పంద సమావేశంలో నిషేధం కోరిన కిరిబాతి, నౌరూ దేశాలు రెండూ కలిపినా మన జిల్లా ఒక్కదానంత జనం లేనివే. అప్పుడు నిషేధానికి బదులు స్పెయిన్ ప్రతిపాదించిన తాత్కాలిక విరామం నెగ్గింది. అందుచేత శీర్షికలో దేశం పేరు తప్పనిసరి. ఒట్టి ‘ప్రభుత్వం’ అంటే ఏ కాలంలో ఏ ప్రభుత్వమో తెలియదు.

పీపాలకు ‘పారబోత’ కూడా పొసగదు. పాలో, నీళ్లో, ధాన్యమో పారబోస్తాం, పీపాను పారవేస్తాం. ‘నిమజ్జనం’ అని రాసినవారినీ చూశాను గానీ, వినాయకుణ్ణి సాగనంపే మాటను ఈ చెత్తకు కట్టబెట్టడానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వ్యాసం చివర 2023లో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం నుంచి సముద్రంలోకి వదిలిన నీటి ప్రస్తావన కూడా ఉన్నది. దానికీ ‘పారబోత’ అనే వాడారు. ఉంచవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అక్కడ జాగ్రత్త అవసరం. లండన్ ఒప్పందం నిర్వచనంలో నౌకల నుంచి, విమానాల నుంచి, సముద్రంలోని కట్టడాల నుంచి కావాలని పడవేసేదే పారవేత. నేలమీది కేంద్రం నుంచి సొరంగం గుండా వదిలే నీరు దాని కిందికి రాదని జపాన్ వాదన. ఆ వాదనను ఒప్పుకోనివారు ఉన్నారు. ఆ ఆగస్టులో చైనా ప్రభుత్వం దాన్ని ఖండించి జపాన్ చేపల దిగుమతిని ఆపింది. దక్షిణ కొరియాలో ప్రభుత్వం శాస్త్రీయంగా దోషం లేదన్నది, ప్రతిపక్షం వీధికెక్కింది. అంటే మన పత్రికల అర్థంలో అసలైన ‘ప్రభుత్వ వ్యతిరేకత’ అక్కడ కనిపించింది. నేనైతే ‘వదలడం’ అనే రాసి, దాన్ని పారబోత అన్నవారెవరో అదే వాక్యంలో వారి పేరుతోనే చెబుతాను.