అటక మీద దొరికిన నవ్వే పోలీసు ప్లేటు, ఈయనెవరో చెప్పండి

గిరింపేట కుర్రోడు:
చిత్తూరులో తాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ట్రంకుపెట్టెలో పది దాకా గ్రామఫోన్ ప్లేట్లు దొరికాయి. అన్నీ నాగయ్య గారివి, నాటకాల పద్యాలవి. ఒక్కటి మాత్రం ఇంగ్లీషుది, కొలంబియా కంపెనీ వాళ్లది: ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’, చార్లెస్ పెన్‌రోజ్. తాత హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు, ఎవరైనా ఎగతాళికి ఇచ్చారేమో! నా ప్లేయర్‌లో నిమిషానికి 33, 45 చుట్ల స్పీడ్లే ఉన్నాయి. 45లో పెడితే దయ్యం పట్టినోడు ఏడుస్తున్నట్టుంది, అవ్వ ఆపెయ్యమని ఒకటే గోల. ఎవరీయన? అమ్మితే ఏమైనా వస్తుందా?

పాతపాటల పిచ్చోడు, తిరుపతి:
ముందు ఆ ప్లేయర్ ఆపు తమ్ముడూ. అది ఏడుపు కాదు, నవ్వే, 78లో తిరగాల్సింది 45లో తిరుగుతోంది. ఈయన 1873లో ఇంగ్లండులోని బిగిల్స్‌వేడ్‌లో పుట్టాడు. తండ్రిది నగల వ్యాపారం, ఈయన మాత్రం 18 ఏళ్లకే నాటకాల్లోకి వెళ్లిపోయి, తర్వాత మ్యూజిక్ హాళ్లలో, అంటే తాగుతూ తింటూ పాటలూ హాస్యమూ చూసే హాళ్లలో, పేరు తెచ్చుకున్నాడు. ఈ పాట 1922లో చార్లెస్ జాలీ అనే పేరుతో ఇచ్చాడు, అప్పటికింకా రికార్డింగులకి మైకు రాలేదు, కొమ్ములాంటి గొట్టంలోకి మొహం పెట్టి నవ్వడమే. 1926లో మైకుతో మళ్లీ పాడాడు. అది హిట్టయ్యాక నవ్వే పాదిరీ, నవ్వే మేజర్, నవ్వే ప్రేమికుడు అని వరసపెట్టి దించాడు. నాకైతే రెండోదానికే విసుగొచ్చింది.

రేణిగుంట రాంబాబు:
అన్నా, అసలు సంగతి వదిలేశావు. ఆ బాణీ ఆయనది కానే కాదు. జార్జ్ డబ్ల్యు. జాన్సన్ అని అమెరికా నల్లజాతి గాయకుడు, 1890ల్లోనే ‘లాఫింగ్ సాంగ్’ రికార్డు చేశాడు. అప్పట్లో పాట ఎక్కించే మైనపు సిలిండర్లకి కాపీలు తీసే పద్ధతి సరిగా లేదు, పాడినప్పుడల్లా కొన్నే వచ్చేవి, అందుకని అదే నవ్వు రోజంతా మళ్లీ మళ్లీ నవ్వాలి. పాపం, ఆకలేసినా నవ్వే! ఈ పోలీసు పాటకేమో రచన బిల్లీ గ్రే అని వేశారు, అది పెన్‌రోజ్ భార్య మేబెల్ పెట్టుకున్న పేరు.

పాతపాటల పిచ్చోడు, తిరుపతి:
ఒప్పుకుంటా. కానీ పోలీసుని పెట్టింది వీళ్లేగా, జనం నవ్వింది ఆ ఖాకీకి... సారీ, వాళ్లది నీలం డ్రెస్సు.

పలమనేరు మెకానిక్:
రేటు గురించి ఆశ పెట్టుకోవద్దు, ఇది బాగా అమ్ముడైన ప్లేటు. స్పిరిట్‌తో మాత్రం తుడవొద్దు, ప్లేటులో ఉన్నది లక్క, కరిగిపోతుంది. నీ ప్లేయర్‌ది తర్వాతొచ్చిన ఎల్పీ ప్లేట్ల ముల్లు, సన్నం; 78 ప్లేటు గాడి వెడల్పు, అందుకే గరగరమంటుంది. వేరే ముల్లు దొరికేదాకా 45లోనే కంప్యూటర్‌లోకి ఎక్కించి, స్పీడు 1.733 రెట్లు పెంచు.

గిరింపేట కుర్రోడు:
పెంచాను. గీత పడిన చోట టక్ టక్ అంటోంది కానీ నవ్వు శుభ్రంగా వచ్చింది. ఇంగ్లీషు ముక్క రాని అవ్వ మూడుసార్లు పెట్టించుకుంది, తర్వాత ‘మీ తాత ఇట్లా ఒక్కరోజూ నవ్వలేదు’ అంది. ఇక ఈ ప్లేటు అమ్మను.