నలభై దగ్గరపడ్డవాడికి మాంగా (జపాన్ బొమ్మల కథలు) చెప్పండి, స్కూలు పిల్లల కథలు వద్దు

రాత్రిబండి:
డిగ్రీ రోజుల్లో నరూటో, బ్లీచ్ పిచ్చిగా చదివా. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, పదిహేనేళ్లు వాటి మొహం చూళ్లేదు. మొన్న ఏదో కొత్తది మొదలుపెడితే పదహారేళ్ల కుర్రాడు లోకాన్ని కాపాడేస్తానని అరుస్తున్నాడు, నాకేమో వీడికి పరీక్షలు లేవా అనిపిస్తోంది. ఇప్పుడు నాకు 38. పెద్దాళ్ల గురించి, పెద్దాళ్ల కోసం రాసినవి చెప్పండి. పూర్తయిపోయినవైతే మేలు, మరీ పేగులు బయటపడేవి వద్దు. ఫోన్లో చదివితే సరిపోతుందా, పుస్తకాలే కొనాలా? ఇంకోటి, మా ఆవిడ మాంగా ఎప్పుడూ ముట్టలేదు, తనకేదిస్తే బాగుంటుంది?

బరువుకత్తి:
బెర్సెర్క్. ఇంకేం చదవక్కర్లేదు.

నిద్రపట్టనివాడు:
మాన్‌స్టర్ అన్నా, కళ్లు మూసుకుని మొదలెట్టు. 18 వాల్యూములు, 1994 నుంచి 2001 దాకా వచ్చింది, పూర్తయింది. జర్మనీలో ఒక జపాన్ సర్జన్, తలలో బుల్లెట్ దిగిన పిల్లాడొకడు, అదే టైముకి మేయర్‌ని కూడా తెస్తారు, ఆస్పత్రి పెద్దలు మేయర్‌కి చెయ్యమంటారు, ఈయన ముందొచ్చిన పిల్లాడికే ఆపరేషన్ చేస్తాడు. ఆ పిల్లాడు పెద్దయ్యాక ఏమయ్యాడన్నదే మిగతా కథంతా, అంతకు మించి చెప్పను. నేను ఒక్క వాల్యూము చదివి పడుకుందామని రాత్రి పదింటికి మొదలెట్టా, తెల్లారేసరికి ఆరోది చేతిలో ఉంది. పొద్దున మీటింగులో ఏం మాట్లాడానో ఇప్పటికీ తెలీదు.

తెల్లకాకి:
@బరువుకత్తి, ఆయన పేగులు వద్దన్నారు, మీరు బెర్సెర్క్ అన్నారు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. ఎవరేమడిగినా ఇదే జవాబు. బొమ్మ అద్భుతం, కాదన్ను. కానీ అందులో ఎక్లిప్స్ అనే ఘట్టంలో ఏం జరుగుతుందో ఒక్కడూ ముందే చెప్పడు. నాకు కూడా ఎవరో ఇలాగే "చదువు, జీవితం మారిపోద్ది" అని చేతిలో పెట్టారు. ఆ పేజీల తర్వాత నెల రోజులు మాంగా అంటేనే వికారం. లైంగిక హింస ఉంటుందని చెప్పడానికి ఒక్క లైను ఖర్చు కాదు కదా.

బరువుకత్తి:
ఆ ఘోరం ఊరికే పెట్టలేదు మేడమ్, కథ మొత్తం దాని తర్వాత బతకడం గురించే. మధ్యలో వదిలేసి తీర్పులు చెప్తే ఎలా.

తెల్లకాకి:
వదిలేశానని ఎవరన్నారు? నలభై పైచిలుకు వాల్యూములూ చదివే మాట్లాడుతున్నా. చెప్పి ఇవ్వండి అంటున్నా, చదవొద్దు అన్లేదు.

చిల్లరపేజీలు:
అదీగాక అది పూర్తి కాలేదు కూడా. దాన్ని గీసిన మియురా గారు 2021 మేలో పోయారు, 54 ఏళ్లకే. 2022 నుంచి ఆయన స్నేహితుడు మోరి, స్టూడియోవాళ్లు కలిసి కొనసాగిస్తున్నారు, మియురా తనకి చెప్పిన కథే రాస్తానని మాటిచ్చాడు పాపం. మియురా గీసిన చివరి అధ్యాయం చూసిన రోజు నేను ఏడ్చా, అది వేరే విషయం.

లైనుకట్ట:
సింపుల్‌గా చెప్తా బ్రో. సైనెన్ జానర్‌లో ఉన్నవన్నీ పెద్దాళ్లవి, షోనెన్ జానర్‌లో ఉన్నవన్నీ పిల్లలవి. సైనెన్ అని వెతుక్కో, అయిపోయింది.

కంజీపిచ్చి:
ఇదిగో మళ్లీ. సైనెన్ జానర్ కాదు మహాప్రభో. ఏ పత్రికలో వచ్చిందన్నదాన్ని బట్టి పడే ముద్ర అంతే, షాపులో ఏ అరలో పెట్టాలన్న సంగతి. నేను ఎనిమిదేళ్లుగా జపనీస్‌లోనే చదువుతున్నా కాబట్టి చెప్తున్నా, ఆ మాటకి అర్థం 'యువకుడు' అని, పెద్దవాడని కాదు. అదే ఉచ్చారణతో 'మేజర్' అనే అర్థం వచ్చే ఇంకో మాట ఉంది, అక్షరాలు వేరు. రెండూ కలిపేసి నెట్లో అందరికీ పాఠాలు చెప్తుంటారు.

లైనుకట్ట:
జపనీస్ వచ్చని ఎక్కడో అక్కడ చెప్పాలి కదా మీకు. ఏ పేరైనా పెట్టుకోండి, ప్రాక్టికల్‌గా పనిచేస్తుంది.

కంజీపిచ్చి:
ఎక్కడ పనిచేస్తుంది? కే-ఆన్ చూశారా, హైస్కూలు అమ్మాయిలు టీ తాగుతూ గిటారు వాయించుకుంటారు, అది మీ సైనెన్. హత్యల కథ డెత్‌నోట్ వచ్చింది కుర్రాళ్ల పత్రిక షోనెన్ జంప్‌లో. అవి పక్కన పెట్టండి, హిరోషిమా మీద వచ్చిన బేర్‌ఫుట్ జెన్ ఎక్కడ మొదలైందో తెలుసా? 1973లో, అదే కుర్రాళ్ల జంప్‌లో. గీసినాయన బాంబు పడ్డ రోజు అక్కడే ఉన్నాడు, ఆరేళ్లవాడు. మీ లెక్కన అది పిల్లల కాలక్షేపం, టీ తాగే పిల్లలది పెద్దాళ్ల సాహిత్యం.

లైనుకట్ట:
ఒకటి రెండు మినహాయింపులు పట్టుకొచ్చి గెలిచేశాననుకోండి సార్. నమస్కారం.

సగంచదివినవాడు:
మినహాయింపులు కాదులే భయ్యా, విన్‌లాండ్ సాగా తీసుకో. 2005లో కుర్రాళ్ల వారపత్రికలో మొదలై అదే ఏడాది ఆఫ్టర్‌నూన్ అనే సైనెన్ నెలపత్రికకి మారింది, వారం వారం గీయడం కుదరక. మొదటి వాల్యూములు షోనెన్, తర్వాతవి సైనెనా? కథ ఒక్కటే కదా.
అన్నట్టు @రాత్రిబండి అదీ చదువు. 2025లో అయిపోయింది. మొదట్లో రక్తం ఉంది, ఒప్పుకుంటా, వైకింగులు మరి. కానీ పగ పగ అని తిరిగిన కుర్రాడు బానిసై ఒక పొలంలో అడవి కొట్టి చేను చేస్తాడు, వాల్యూముల తరబడి అదే. యాక్షన్ కోసం వచ్చిన మా ఫ్రెండ్స్ అందరూ ఆ పొలం దగ్గరే పారిపోయారు. నేను అక్కడే ప్రేమలో పడ్డా. పాతికేళ్లప్పుడు చదివుంటే నేనూ పారిపోయేవాణ్ణే.

మడతపేజీ:
వాగబాండ్ ఒక్కరూ చెప్పలేదేంటి?? జపాన్ కత్తివీరుడు మియమోటో ముసాషి కథ, ఇనొవే కుంచెతో గీస్తాడు. అందులో ముసాషి ప్రత్యర్థి కొజిరోకి చెవులు వినపడవు, అది ఇనొవే సొంత కల్పన. కొజిరో వచ్చే వాల్యూముల్లో పేజీలకి పేజీలు మాటలుండవు, ఆకు కదిలినట్టు కూడా తెలుస్తుంది.

చిల్లరపేజీలు:
చెప్పకపోవడానికి కారణముంది. 37 వాల్యూముల దగ్గర 2015లో ఆగింది, అంతే, మళ్లీ లేదు. అతను పూర్తయినవి అడిగాడు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుంది మీ పని.

మడతపేజీ:
ముగింపు కోసమే చదివేవాళ్లు చివరి పేజీ ఒక్కటే కొనుక్కోండి. దారిలో ఏముందో చూడరా.

చిల్లరపేజీలు:
ఆ మాట 'నానా' అనే మాంగా చదివినవాళ్లకి చెప్పండి. 21 వాల్యూములు, 2009లో రచయిత్రికి ఒంట్లో బాగోక ఆగిపోయింది. అదే పరిస్థితిలో ఇద్దరమ్మాయిలని వదిలేసి ఇన్నేళ్లు. నాకు పెళ్లయింది, పిల్లలు బడికి పోతున్నారు, వాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. దారి చూడమంటారు, నేను దారిలోనే ఉండిపోయా.

బూడిదరంగు:
రోజూ చూసి పోయేవాణ్ణి, ఎప్పుడూ రాయలేదు. తనిగుచి జిరో గీసిన ఎ డిస్టెంట్ నైబర్‌హుడ్ చదవండి. 48 ఏళ్లాయన, మందు దిగక తప్పు రైలెక్కి, సొంతూరు చేరి, తల్లి సమాధి దగ్గర కళ్లు తిరిగి పడిపోతాడు. లేచేసరికి పద్నాలుగేళ్ల ఒళ్లు, లోపల మాత్రం 48 ఏళ్ల మనిషే. ఆ ఏడాదే వాళ్ల నాన్న ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు ఇతనికి తెలుసు, ఆపగలడా అనేది. అందులో కత్తుల్లేవు, అరుపుల్లేవు. భోజనాల దగ్గర నాన్న మొహం వంక చూస్తుంటాడు, అంతే. నేను మా నాన్న పోయిన ఏడాది చదివా. ఆయన ఈ వయసులో ఏం అనుకునేవాడో అని నేను ఎప్పుడూ అడగలేదు.

నిద్రపట్టనివాడు:
ఇది రాసుకున్నా. థాంక్స్ అన్నా.

లైనుకట్ట:
చూశారా, అది స్కూలు పిల్లాడి కథే. హీరోకి 14.

కంజీపిచ్చి:
మీరింకా ఇక్కడే ఉన్నారా. అడిగినాయన స్కూలు పిల్లలు వద్దన్నది వయసు గురించి కాదు సార్, బుర్ర గురించి.

తెల్లకాకి:
ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేనే చెప్తా, ఆయన భార్యకి ఏదివ్వాలని కూడా అడిగారు.

మడతపేజీ:
జోసెయ్ (ఆడవాళ్ల పత్రికల్లో వచ్చేవి) ఏదైనా ఇవ్వండి, ప్రేమకథలు బాగుంటాయి ఆడవాళ్లకి.

తెల్లకాకి:
అబ్బా. ఆవిడకి మర్డర్లు ఇష్టమేమో, మీకెలా తెలుసు? మా అత్తగారు ఉజుమాకి చదివారు, సుడుల పిచ్చి పట్టిన ఊరి కథ, రాత్రికి మంచినీళ్లు తాగడానికి కూడా నన్ను లేపారు కానీ రెండోరోజు మళ్లీ అడిగి తీసుకున్నారు. @రాత్రిబండి గారూ, మాంగా కొత్త అయితే ప్లూటో. 8 వాల్యూములే. మాన్‌స్టర్ గీసినాయనే, తెజుకా గీసిన పాత రోబో కథ ఆస్ట్రోబాయ్‌లోని ఒక భాగాన్ని హత్యల కేసులాగా మళ్లీ రాశాడు. పాతది తెలియకపోయినా పర్లేదు. మై బ్రదర్స్ హస్బెండ్ కూడా, 4 వాల్యూములు, చనిపోయిన తమ్ముడి భర్త కెనడా నుంచి వచ్చి గుమ్మంలో నిలబడతాడు. అన్నయ్యకి ఏం మాట్లాడాలో తెలీదు, ఇంకా చిన్న బడిలోనే ఉన్న కూతురు మాత్రం మొహమాటం లేకుండా అన్నీ అడిగేస్తుంది.

సగంచదివినవాడు:
ఫోన్ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. వద్దు. రెండు పేజీలు కలిపి గీసిన బొమ్మలు ఫోన్లో రెండు ముక్కలవుతాయి. అలాగని పుస్తకాల్లోనూ పాపం ఉంది, నేను కొన్న ఒక లావు సంపుటిలో బైండింగు ఎంత బిగుతుగా ఉందంటే మధ్యలో ఉన్న మొహాలన్నీ మడతలో మాయం. పెద్ద ట్యాబ్ అడ్డంగా పట్టుకుంటే అన్నిటికన్నా నయం.

బరువుకత్తి:
ఒక చిన్న విషయం. బెర్సెర్క్ వచ్చే యంగ్ ఏనిమల్ పత్రికలోనే మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్ కూడా మొదలైంది, ఒంటరి షోగి (జపాన్ చదరంగం) ఆటగాడూ, వాడికి అన్నం పెట్టే ముగ్గురు అక్కచెల్లెళ్లూ. రక్తం చుక్క లేదు. నేను రెండూ చదువుతా. తెల్లకాకి గారూ, ఇకనించి చెప్పే ఇస్తా.

తెల్లకాకి:
సరే. షోగి కథ నాకూ ఇష్టమే.

రాత్రిబండి:
అందరికీ థాంక్స్, సగం కొట్లాట అర్థం కాలేదు కానీ. ప్లూటో మొదటిది తెస్తే మా ఆవిడ లాక్కుంది, మూడోదాకా వెళ్లిపోయింది, ఇప్పుడు నన్ను ముందుకి చదవనివ్వట్లేదు, తను దాటాకే నేను ముట్టుకోవాలట. మాన్‌స్టర్ ఆర్డర్ పెట్టా. అది వచ్చేలోపు ఊరికే ఉండలేక వాగబాండ్ ఒకటి తెచ్చుకున్నా.

చిల్లరపేజీలు:
37 దగ్గర ఆగిందని పైనే రాశా. తర్వాత వచ్చి ఇక్కడ ఏడవకు.

మడతపేజీ:
కొజిరో దగ్గరికొచ్చాక చెప్పు అన్నా. 14వ వాల్యూము.