బెన్ క్లిబ్రెక్‌కి ఒక్కదాన్నే వెళ్తున్నా: నేల ఎలా ఉంది?

రాత్రిడ్యూటీ: బుధవారం సెలవు దొరికింది. స్కాట్లాండ్ ఉత్తరాన సదర్లాండ్‌లోని బెన్ క్లిబ్రెక్ కొండ ఎక్కాలనుకుంటున్నా. 962 మీటర్లు, బెన్ హోప్ తర్వాత బాగా ఉత్తరాన ఉన్న మన్రో (మూడు వేల అడుగులు దాటిన స్కాట్లాండ్ కొండ) ఇదే. ఒక్కదాన్నే వెళ్తున్నా. ఈమధ్య వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, నేల ఎంత తడిగా ఉందో చెప్పండి.

ఇన్వర్నెస్ బాబాయ్: వద్దమ్మా. అది ఎడిన్‌బరా ఊళ్లోని ఆర్థర్స్ సీట్ లాంటి చిన్న గుట్ట కాదు. రోడ్డు దిగగానే బురద, హీదర్ పొదలు, పీట్ (కుళ్లిన నాచు మట్టి) గోతులు. చాలాచోట్ల బాట కూడా సరిగా ఉండదు. మబ్బు దిగితే ఎటు పోతున్నామో తెలీదు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకు. నెలాఖరు ఆదివారం మా గ్రూపు కెయిర్న్‌గార్మ్స్ కొండలకి వెళ్తోంది, అందులో చేరు.

డండీ కుర్రాడు: సిగ్నల్ లేని చోటికి సోలోగా ఎందుకండీ?

రాత్రిడ్యూటీ: నేను అడిగింది నేల గురించి. పేపర్ మ్యాప్, దిక్సూచి ఉన్నాయి, వాడటం వచ్చు. అత్యవసర మెసేజ్‌ల కోసం నా నంబర్ ముందే ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 999లో రిజిస్టర్ చేసుకున్నా. విజిల్ ఉంది: నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. ఏ దారిన వెళ్తానో, ఎన్నింటికి దిగుతానో ఫ్లాట్‌మేట్‌కి రాసిస్తా.

ఇన్వర్నెస్ బాబాయ్: మెసేజ్‌కైనా సిగ్నల్ కావాలి కదా?

రాత్రిడ్యూటీ: కావాలి. మాట తెగిపోయేంత తక్కువ సిగ్నల్‌లో కూడా మెసేజ్ వెళ్లే అవకాశం ఉంది.

ఇన్వర్నెస్ బాబాయ్: అవకాశమే కదా. గ్యారంటీ కాదు.

తడిబూట్లు: అడిగినదానికి జవాబు. రోడ్డు పక్క నుంచి నేరుగా ఎక్కితే ముందు వాగు దాటాలి, వానల తర్వాత అది కష్టం. క్రాస్క్ ఇన్ అనే సత్రం దగ్గర మొదలుపెట్టి కొండ గట్టు పట్టుకుని వెళ్తే దూరం ఎక్కువ, కానీ వాగు బెడద ఉండదు. ఎటు వెళ్లినా పాదాలు తడుస్తాయి.

డండీ కుర్రాడు: అది ఎవరిదో ఎస్టేట్ కదా, పర్మిషన్ అక్కర్లేదా?

తడిబూట్లు: అక్కర్లేదు. స్కాట్లాండ్ 2003 భూసంస్కరణ చట్టం బాధ్యతగా నడిచే ఎవరికైనా హక్కిచ్చింది. జింకల వేట సాగే శరత్కాలంలో మాత్రం ముందు కనుక్కుని వెళ్లడం మంచిది.

ఇన్వర్నెస్ బాబాయ్: హక్కు సరే. మా ఆఫీసు కుర్రాడొకడు కొండ మీద కాలు మడతపడి కూర్చుంటే, మౌంటెన్ రెస్క్యూ వాళ్లు అర్ధరాత్రి వెళ్లి దించారు. వాళ్లంతా జీతం లేని వాలంటీర్లు, పైసా అడగలేదు. మర్నాడు ఆఫీసులో "మీవాళ్లు" అంటూ మాట్లాడుతుంటే నేను తలెత్తుకోలేకపోయా. మనలో ఒక్కరు చేసినా అందరి మీదకీ వస్తుంది.

రాత్రిడ్యూటీ: మార్చిలో ఇక్కడే ఒకబ్బాయి మంచులో ఒంటరిగా బెన్ హోప్ ఎక్కి ఫొటోలు పెడితే మీరే "శభాష్ తమ్ముడూ" అన్నారు. సిగ్నల్ ఉందా అని ఒక్కరూ అడగలేదు. అప్పుడు మనవాళ్ల పేరు ఏమైంది? మీ గ్రూపుతోనూ వచ్చా. తెల్లారకముందే లేచి పులిహోర కలిపింది మేము, పైకి వెళ్లకుండా కార్ల దగ్గర పిల్లల్ని చూసుకుంది మేము.

ఇన్వర్నెస్ బాబాయ్: నాకూ కూతురుంది. దాన్నైనా ఇలాగే ఆపుతా. నీకేమైనా అయితే మీ అమ్మగారికి ఫోన్ చేసి చెప్పాల్సింది మేమే.

రాత్రిడ్యూటీ: మా అమ్మకి తెలుసు. జాగ్రత్తలు అడిగింది, వద్దనలేదు. వార్డులో రాత్రంతా బెల్లులు మోగుతూనే ఉంటాయి. ఎవరూ పిలవని చోట ఒక పగలు నడవాలని ఉంది. ఆ బురదలో గోల్డెన్ ప్లోవర్ పిట్ట కూత ఒక్కటే వినపడుతుంది. పదిమందితో వెళ్తే అది కూడా వినపడదు. నాకు తోడు దొరక్క ఒంటరిగా వెళ్లడం లేదు బాబాయ్ గారూ, ఒంటరిగా ఉండటానికే వెళ్తున్నా.

ఇన్వర్నెస్ బాబాయ్: ఆ అబ్బాయికీ వద్దని చెప్పాల్సింది అంటే ఒప్పుకుంటా. నీకు సరే అని మాత్రం అనను.

రాత్రిడ్యూటీ: మీ సరే కోసం నేను ఆగడం లేదు. తడిబూట్లు గారూ, క్రాస్క్ ఇన్ నుంచే వెళ్తా.

తడిబూట్లు: బూట్ల మీద కాళ్లకి తొడిగే గెయిటర్లు వేసుకోండి. గాలి ఆగిందంటే మిడ్జ్‌లు (కుట్టే చిన్న పురుగులు) వదలవు, ముఖానికి వల కూడా పెట్టుకోండి.

డండీ కుర్రాడు: అక్కా, ఆ 999 రిజిస్ట్రేషన్ ఎలా?

రాత్రిడ్యూటీ: రిజిస్టర్ అనే మాటని ఇంగ్లీషులో టైప్ చేసి 999కి పంపు. తిరిగి మెసేజ్ వస్తుంది, అందులో చెప్పినట్టు చెయ్యి. ఇంట్లో ఉండగానే చేసుకో.