అప్‌డేట్: శని గ్రహం జిగ్‌సా పూర్తయింది

19వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు, ఖగోళ పరిశీలకుడు ట్రూవెలో (Trouvelot) గీసిన శని గ్రహం జిగ్‌సాలో నల్లటి ఆకాశం ముక్కలు ఎలా పెట్టాలని అడిగాను కదా, నిన్న రాత్రి పూర్తయిందండీ! ముందు వలయాలు కట్టమన్న సలహానే పనిచేసింది. వలయాల మధ్య నల్లగా కనిపించే క్యాసినీ ఖాళీ దొరికాక లోపలి, బయటి వలయాల ముక్కలు తేలిగ్గా విడిపోయాయి. వలయం మీద పడిన గ్రహం నీడ ముక్కలను ఆకాశం కుప్పలోంచి ఏరడమే కష్టం. మిగతా నలుపంతా రంగు పట్టించుకోకుండా, ముక్కల ఆకారాన్ని బట్టి వేరుచేసి పెట్టాను.

1874 నవంబరు 30 సాయంత్రం టెలిస్కోపులో చూసి గీసిన బొమ్మ ఇది. ఫొటోలు ఇంత వివరం పట్టలేని రోజుల్లో ఆ నీడను కూడా వదల్లేదాయన! మా అమ్మాయి ఇప్పుడు గురుడి బొమ్మ కావాలంటోంది. ఆయన 1880లో గీసిన గురుడిలో పెద్ద ఎర్రమచ్చ కూడా ఉంది, అదే వెతుకుతున్నాను.