పని వాయిదా వేసే కుర్రకారు: స్వభావమా, తమ మీద నమ్మకం లేకపోవడమా?

భీమవరం లెక్చరర్:
డిగ్రీ ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులు ఆఖరి వారం దాకా ఒక్కటీ రావు. స్టాఫ్‌రూమ్‌లో అందరూ "పుట్టు బద్ధకం" అని తేల్చేస్తారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదండి. వీళ్ళలో ఎక్కువమందికి ఉన్నది "నావల్ల అవుతుందా" అనే భయం. ధైర్యం వస్తే వాళ్ళే మొదలుపెడతారు. మీరేమంటారు?

తణుకు సైకాలజీ పీజీ:
మాస్టారండీ, భయం నిజమే, కానీ స్వభావాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టలేం. పియర్స్ స్టీల్ అనే పరిశోధకుడు అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2007లో లెక్క కట్టారు. పనిలో క్రమం, బాధ్యత ఉండే స్వభావానికీ వాయిదాకూ సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె; 0 అంటే బంధం లేదు, 1కి దగ్గరైతే గట్టి బంధం, మైనస్ అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది) సుమారు మైనస్ 0.62. "ఈ పని చేయగలను" అన్న నమ్మకానికి మైనస్ 0.38. రెండూ తగ్గేకొద్దీ వాయిదా పెరుగుతుంది, కానీ మొదటిదే బలమైనది. ఇక ఊరికే ఆందోళనపడే స్వభావానికి 0.24 మాత్రమే. టెన్షన్ పడేవాళ్ళందరూ పని ఆపేయరు.

అమలాపురం రైతు:
లెక్కలు నాకు తెలీవుగానీ, మా అన్నయ్య కొడుకు గ్రూప్-2 పుస్తకం తెరవడు. అదే కాలువలకి నీళ్ళొదిలితే నారుమడి పనికి ఒక్కరోజు ఆలస్యం చేయడు. స్వభావమే అయితే చేలో కూడా వాయిదా వేయాలి కదండీ? సార్వా ఆలస్యమైతే దాళ్వా కూడా వెనక్కి పోతుందని వాడికి తెలుసు. పరీక్షేమో ఎప్పుడో ఉంటుంది.

తణుకు సైకాలజీ పీజీ:
బాబాయ్‌గారూ, స్వభావం అంటే అన్ని పనుల్లో కలిపి కనబడే ధోరణి. ఒక్క పనిలో చురుకుగా ఉన్నంతమాత్రాన అది లేదనలేం. అయితే ఫలితం దూరమైతే, పని విసుగనిపిస్తే వాయిదా పెరుగుతుందని స్టీల్ కూడా అన్నారు. మీరు చెప్పిందీ అదే.

భీమవరం లెక్చరర్:
అమ్మా, 0.62 పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ ఏది కారణమో, ఏది ఫలితమో ఆ అంకె చెప్పదు. వాయిదా వేసి మార్కులు పోగొట్టుకున్నవాడికి నమ్మకం ఇంకా పడిపోతుంది, మళ్ళీ వాయిదా వేస్తాడు. పైగా ఇరవై ఏళ్ళవాడి స్వభావాన్ని నేను ఒక సెమిస్టర్‌లో మార్చలేను. నమ్మకాన్ని మార్చగలను. అది ఊరికే "నువ్వు చేయగలవురా" అంటే రాదు. తన చేత్తో పూర్తిచేసిన పనే దానికి అన్నిటికన్నా గట్టి ఆధారమని 1977లోనే సైకాలజిస్టు ఆల్బర్ట్ బండూరా రాశారు. అందుకే రిపోర్టు మొత్తం అడగను. సోమవారానికి ఒక్క పేజీ తెమ్మంటాను, తప్పులున్నా తీసుకుంటాను.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళల్లో "పక్కింటివాడికి ఉద్యోగం వచ్చింది, నువ్వు చూడు" అంటూ ఉంటారు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారని 2010లో కెనడా అధ్యయనం ఒకటి చూపింది. మనం చేసేది దానికి పూర్తిగా ఎదురు. తల్లిదండ్రులు దయచేసి ఆపండి.

తణుకు సైకాలజీ పీజీ:
సోమవారం పేజీ అడిగేవాళ్ళు మీరున్నారు కాబట్టి తెస్తారు. ఇంట్లో ఒంటరిగా గ్రూప్-2కి చదివేవాడిని ఎవరడుగుతారు? అక్కడ క్రమం లేనివాడికి నమ్మకం ఒక్కటే సరిపోదనే నేను ఇప్పటికీ అంటాను.

అమలాపురం రైతు:
అయితే రేపట్నుంచి మావాణ్ణి నేనే అడుగుతానండి. రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు చదివింది చెప్పమంటాను. తిట్టను.