రికార్డు బద్దలు కొట్టాడా, దాటాడా? కేస్ కీనమ్ వ్యాసం మీద చర్చ

హ్యూస్టన్ సభ్యురాలు:

అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం పత్రికకు కేస్ కీనమ్ గురించి వ్యాసం రాస్తున్నాను. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో మన పిల్లలు చదువుతున్నారు, వాళ్ల అమ్మానాన్నల్లో చాలామందికి ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఎలాంటి క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసి జట్టును నడిపే ఆటగాడు) ఆడాడో తెలియదు. 2007 నుంచి 2011 దాకా పాస్‌ల మీద 19,217 గజాలు, 155 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి వైపు ఆఖరి గీత దాటించడం). అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణిలో ఇంకెవరూ అన్ని గజాలు చేయలేదు. నేను పేరాకోసారి ‘రికార్డు బద్దలు కొట్టాడు’ అని రాసుకుంటూ పోయాను. పత్రిక చూసే ఆవిడ “ప్రతిసారీ బద్దలేనా? మనకు ఇంకో క్రియ లేదా?” అని అడిగారు. ఆటల వార్తలు రాసిన అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తారా?

విజయవాడ సభ్యుడు:

అమ్మా, ఆవిడ అడిగింది సబబే. ఆటల పేజీ దిద్దిన రోజుల్లో ఈ మాట మీద మా డెస్కులో గట్టిగానే వాదులాడుకునేవాళ్లం.

బద్ద అంటే చీలిన ముక్క. పప్పుబద్ద, మామిడిబద్ద, వెదురుబద్ద. కుండ బద్దలవుతుంది, తాళం బద్దలు కొడతారు. బద్దలయ్యాక ఆ వస్తువు ఇక పాత వస్తువు కాదు. కీనమ్ విషయంలో జరిగింది అది కాదు. హవాయి క్వార్టర్‌బ్యాక్ టిమ్మీ చాంగ్ 2004లో కాలేజీ ఆట ముగించేనాటికి 17,072 గజాలు కూడబెట్టాడు. 2011 నవంబర్ 5న అలబామా బర్మింగ్‌హామ్ జట్టు మీద ఆడుతూ కీనమ్ ఆ అంకె దాటాడు. చాంగ్ పేరు పక్కన 17,072 ఇవాళ్టికీ అలాగే ఉంది. అతనికి ముందు ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు, అంతే. వారం వారం కూడుకుంటూ పెరిగే మొత్తానికి ‘దాటాడు’, ‘మించిపోయాడు’ అన్నవే సరైన క్రియలు. ‘అధిగమించాడు’ కూడా ఆ కోవదే, కాస్త బరువైన మాట.

‘బద్దలు’ తప్పని మాత్రం అనను. ఇంగ్లీషు వార్తలు చూసి అనువదించే తొందరలో మన డెస్కుల్లోకి వచ్చిన మాట అయినా, సినిమా వసూళ్ల పుణ్యమా అని జనం నోట్లో నానిపోయింది. అయితే వాడేముందు నిజంగా ఏం జరిగిందో చూసుకోవాలి. మీరు తప్పకుండా రాయబోయే మ్యాచ్ 2011 అక్టోబర్ 27న రైస్ యూనివర్సిటీతో జరిగింది. ఆ రాత్రి కీనమ్ 534 గజాలు, తొమ్మిది టచ్‌డౌన్ పాస్‌లు. హ్యూస్టన్ 73–34తో గెలిచింది. ఆ తొమ్మిది చూడగానే ‘ఒకే మ్యాచ్‌లో రికార్డు బద్దలు’ అని శీర్షిక పెట్టాలనిపిస్తుంది. పెట్టారా, తప్పు వార్త అవుతుంది. ఒకే మ్యాచ్‌లో పదకొండు టచ్‌డౌన్ పాస్‌లు వేసినవాడు 1990లోనే ఉన్నాడు, డేవిడ్ క్లింగ్లర్. అతనూ హ్యూస్టన్ క్వార్టర్‌బ్యాకే! రైస్ మీద కీనమ్ దాటింది టెక్సాస్ టెక్ ఆటగాడు గ్రాహం హారెల్ కెరీర్ మొత్తాన్ని, 134 టచ్‌డౌన్ పాస్‌లను.

ఇక ‘నెలకొల్పాడు’. ఈ మాటను ప్రతి రికార్డుకూ తగిలించి పలచన చేశాం. నెలవు, నెలకొను ఒక ఇంటి మాటలు. లేనిదాన్ని తెచ్చి ఒకచోట స్థిరంగా నిలపడం నెలకొల్పడం. ఊళ్లో బడి నెలకొల్పుతారు. కీనమ్ 2008లో 5,020 గజాలు, 2009లో 5,671, 2011లో 5,631 చేశాడు. ఒక సీజన్‌లో ఐదు వేల గజాలు దాటడమే అరుదు. మూడు సీజన్లలో దాటినవాడు అతనికి ముందు ఎవడూ లేడు. అక్కడ ‘నెలకొల్పాడు’ అని రాయండి, ఆ మాటకు దాని విలువ దానికి దక్కుతుంది.

సిద్దిపేట సభ్యుడు:

సార్, చాలా మంచిగ చెప్పిండ్రు. నాదొక సందేహం. అక్కా, మీ వ్యాసంల 19,217 గజాలు అని రాస్తే మా దిక్కు చదివేటోళ్లు ముందుగాల భూమి అనుకుంటరు. గజం అంటే ఇప్పుడు ప్లాటు లెక్కనే. ఎకరానికి 4,840 గజాలు, అంటే 19,217 గజాలు దగ్గర దగ్గర నాలుగెకరాలు! ‘రికార్డు’ అన్నా అంతే. “రికార్డుల పేరు ఎక్కిందా?” అంటే మా ఊళ్లె పహాణీ ముచ్చటే. గజం బదులు ‘యార్డు’ అని రాస్తె నయం కదా?

ఇంకొకటి. 19,217 గజాల దూరం బంతి ఇసిరిండు అని రాయొచ్చునా?

విజయవాడ సభ్యుడు:

తమ్ముడూ, నాలుగెకరాల లెక్క భలే చెప్పావు. పాఠకుడి తలలో ముందు ఏం మెదులుతుందో పట్టుకోవడమే డెస్కు పనిలో సగం. ‘యార్డు’ అన్నా ‘మార్కెట్ యార్డు’ గుర్తొస్తుంది, కాబట్టి అక్కడా చిక్కే. చీర కొలతకు, తాడు కొలతకు గజం పొడవు లెక్కే కదా. మొదటిసారి రాసేచోట ‘గజం అంటే మూడడుగుల పొడవు, మైదానం పొడవు వంద గజాలు’ అని ఒక్క ముక్క చెప్తే చాలు, ఆ తర్వాత గజాలనే రాసుకోవచ్చు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. ‘19,217 గజాలు విసిరాడు’ అన్నది భాషగా కుదరదు, ఆటగా కూడా కుదరదు. పాసింగ్ గజాలంటే బంతి గాల్లో ప్రయాణించిన దూరం కాదు. ఆట మొదలైన గీత నుంచి, బంతి అందుకున్నవాణ్ని ప్రత్యర్థులు పడగొట్టిన చోటు దాకా లెక్క. పది గజాల అవతల అందుకుని ఇంకో నలభై గజాలు పరిగెత్తితే ఆ యాభై గజాలూ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోకే పోతాయి. రైస్ మ్యాచ్‌నే తీసుకో. ప్యాట్రిక్ ఎడ్వర్డ్స్ అనే రిసీవర్ ఏడు పాస్‌లు అందుకున్నాడు. వాటి మీద 318 గజాలు, ఐదు టచ్‌డౌన్లు. ఆ 318లో కీనమ్ చెయ్యీ ఉంది, ఎడ్వర్డ్స్ కాళ్లూ ఉన్నాయి. ఆ కాళ్ల గురించి చెప్పాలి: 2008లో మార్షల్ యూనివర్సిటీ మైదానంలో పాస్ కోసం పరిగెత్తుతూ గీత అవతల నిలిపి ఉంచిన బండిని ఢీకొంటే ఎడ్వర్డ్స్ కాలి ఎముక విరిగింది. మూడేళ్లకు అదే కాలితో ఆ ఐదు టచ్‌డౌన్లు.

కాబట్టి ‘పాస్‌ల మీద 19,217 గజాలు రాబట్టాడు’ అనండి. క్రికెట్‌లో పరుగులు రాబట్టాడు అంటాం, అందరికీ అలవాటైన మాట. లేదా ‘పాస్‌లతో జట్టును 19,217 గజాలు ముందుకు నడిపాడు’. నాకు రెండోది ఇష్టం, అందులో పదకొండు మందీ కనిపిస్తారు.

హ్యూస్టన్ సభ్యురాలు:

ఎంత మేలు చేశారండీ. గజాల సంగతి నేను ‘విసిరిన దూరం’ అనే రాశాను, దిద్దేస్తున్నాను. ఇంకో చోట ఆగిపోయాను. 2010 సెప్టెంబర్‌లో రోజ్ బౌల్ మైదానంలో యూసీఎల్‌ఏతో మ్యాచ్. కీనమ్ వేసిన పాస్‌ను ప్రత్యర్థి పట్టేసి పరిగెత్తుతుంటే, అతన్ని ఆపబోయి కీనమ్ మోకాలికి దెబ్బ తగిలింది. ‘ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) చిరిగిపోయింది’ అని రాశాను. చదువుతుంటే ఎందుకో అతకడం లేదు.

విజయవాడ సభ్యుడు:

చిరిగేది బట్ట, కాగితం. ఒంట్లో నరం గాని, ఎముకకూ ఎముకకూ నడుమ ఉండే పట్టీ గాని ‘తెగుతుంది’. ‘మోకాలి లిగమెంట్ తెగింది’ అని రాయండి. మన క్రికెట్ వార్తల్లోనూ ‘చిరిగింది’ అప్పుడప్పుడు తొంగిచూస్తుంటే ప్రాణం చివుక్కుమంటుంది.

ఆ గాయం దగ్గర కాస్త ఆగండమ్మా, తొందరపడి రికార్డుల్లోకి వెళ్లిపోకండి. అప్పటికే అతనిది ఐదో ఏడు. మొదటి ఏడాది, 2006లో, మ్యాచ్‌లకు దింపకుండా జట్టుతో సాధన మాత్రమే చేయించారు. నాలుగు సీజన్లు ఆడటానికి ఐదేళ్ల గడువు, అది అయిపోయింది. అతను లేని హ్యూస్టన్ ఆ ఏడాది ఐదు గెలిచి ఏడు ఓడింది. 2011 జనవరిలో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఆరో ఏడు ఆడటానికి ఒప్పుకుంది. ఒప్పుకోకపోయి ఉంటే చాంగ్, హారెల్ ఇద్దరూ కీనమ్‌కు పైనే ఉండేవాళ్లు. ఆ ఆరో ఏట 48 టచ్‌డౌన్లు, ప్రత్యర్థి చేతికి చిక్కినవి ఐదే పాస్‌లు. వరసగా పన్నెండు విజయాలు. ఆఖరికి కాన్ఫరెన్స్ (తాము ఆడే జట్ల కూటమి) ఫైనల్‌లో సొంత మైదానంలో సదరన్ మిసిసిపీ చేతిలో 49–28 ఓటమి. ఆ ఓటమిని వదిలేయకండి. తర్వాత డాలస్‌లో పెన్ స్టేట్ మీద 532 గజాలతో 30–14 గెలుపు, అక్కడితో కాలేజీ ఆట ముగిసింది.

సిద్దిపేట సభ్యుడు:

సార్, ఆ రికార్డులు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉన్నయి?

విజయవాడ సభ్యుడు:

‘పేరు మీద’ అన్నావు చూడు, అదే అసలు తెలుగు. రికార్డు ‘కలిగి ఉన్నాడు’ అని రాసేవాళ్లకు ఈ మాట చూపించాలి. పొలమైనా రికార్డైనా మనకు ఒకరి పేరు మీద ఉంటుంది, పేరు మారుతుంది.

సంగతికొస్తే, డిలన్ గేబ్రియెల్ అనే క్వార్టర్‌బ్యాక్ సెంట్రల్ ఫ్లోరిడా, ఓక్లహోమా, ఒరెగన్ జట్లకు ఆరు సీజన్లు ఆడి 2024తో కాలేజీ ఆట ముగించాడు. టచ్‌డౌన్ పాస్‌లు 155, అంటే కీనమ్‌తో ‘సమం’. పాస్‌లూ తాను స్వయంగా పరిగెత్తి చేసినవీ కలిపి కీనమ్ లెక్క 178, దాన్ని గేబ్రియెల్ ‘దాటాడు’. గజాల్లో మాత్రం 18,722 దగ్గర ఆగాడు, కాబట్టి కీనమ్ 19,217 ‘చెక్కుచెదరలేదు’. ఒకే ఆటగాడి మూడు రికార్డులకు మూడు గతులు పట్టాయి. మూడింటికీ వేరు వేరు మాటలు మనకు సిద్ధంగా ఉంటే, అన్నిటినీ ‘బద్దలు’ కిందికి తోసేయడం భాషకు చేటు. ఇది నేను గట్టిగానే అంటాను.

అంకెలు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌ల గణాంకాలను 2002 నుంచే కెరీర్ లెక్కలో కలుపుతున్నారు. అంతకుముందు బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి ఆడిన టై డెట్మర్ 15,031 గజాల్లో అవి లేవు. ‘చరిత్రలోనే అత్యుత్తముడు’ లాంటి మాట రాయాలనిపిస్తే ఇది గుర్తు చేసుకోండి. ‘రికార్డుల్లో అగ్రస్థానం’ అంటే సరిపోతుంది.

హ్యూస్టన్ సభ్యురాలు:

ఆఖరి ప్రశ్న. 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేచోట, ఏడు రౌండ్లు గడిచినా కీనమ్‌ను ఏ జట్టూ ఎంచుకోలేదు. ఆ తర్వాత ఎన్నో జట్లు మారాడు. ఇంగ్లీషు వ్యాసాల్లో ఇలాంటివాళ్లకు ‘జర్నీమ్యాన్’ అని ఒక మాట వాడుతున్నారు. మా ఇంట్లో ‘దేశదిమ్మరి’ అని సలహా ఇచ్చారు.

విజయవాడ సభ్యుడు:

వద్దమ్మా. దేశదిమ్మరి అంటే పని లేక తిరిగేవాడు, ఇతను పని కోసం తిరిగినవాడు. ‘సంచారి’ అంటే సన్యాసి వాసన వస్తుంది. బిరుదు పెట్టడం మానేసి జట్ల పేర్లు వరసగా రాయండి: హ్యూస్టన్ టెక్సన్స్, రామ్స్, మిన్నెసోటా వైకింగ్స్, డెన్వర్, వాషింగ్టన్, క్లీవ్‌లాండ్, బఫెలో, మళ్లీ టెక్సన్స్, 2025లో షికాగో. ఆ వరస చదివేసరికి పాఠకుడికి మీరు చెప్పదలుచుకున్నది అందుతుంది. వైకింగ్స్ దగ్గర మాత్రం ఒక పేరా ఆగండి. 2018 జనవరి 14న న్యూ ఆర్లీన్స్‌తో ప్లేఆఫ్. గడియారం అయిపోవస్తుంటే స్టెఫాన్ డిగ్స్‌కు పాస్ అందించాడు, 61 గజాల టచ్‌డౌన్, 29–24. అక్కడ కూడా, డిగ్స్ పట్టుకున్నాక పరిగెత్తిన దూరం కీనమ్ లెక్కలోనే ఉందని రాయడం మరవకండి.