చలానా రాయితీలు, డైలాగుల పోస్టులు: వీటితో ఎవరైనా మారుతున్నారా?

రామంతాపూర్ మాస్టారు:
మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఉన్న బళ్లలో సగానికి చలాన్లు పెండింగే. పై అంతస్తు కుర్రాడిని కట్టవేమయ్యా అంటే, "తొందరేముంది అంకుల్, మళ్లీ రాయితీ వస్తుందిగా" అన్నాడు. వాడి ధీమాకు ఆధారం లేకపోలేదు. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలాన్లకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో ఏకంగా 80 శాతం. గడువు పొడిగిస్తూ ఫిబ్రవరి 15 దాకా లాగారు. చలానా వచ్చిన వారంలోనే పూర్తి సొమ్ము కట్టిన నాబోటివాడు వెర్రివాడన్నమాట!

ఇంకొకటి. రాంగ్ రూట్ వీడియోలకు సినిమా డైలాగులు తగిలించి పోలీసులు పోస్టులు పెడుతుంటారు. మా వాట్సాప్ గ్రూపులో అందరూ పడీ పడీ నవ్వుతారు. తెల్లారితే పాలప్యాకెట్ కోసం అదే రాంగ్ రూట్. మనిషి ప్రవర్తన మీద ఆర్థికవేత్తలు చాలా పరిశోధించారు కదా, దీనికేమంటారు?

తార్నాక లెక్చరర్:
మాస్టారూ, ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలు జరిమానా పెట్టాయి. ఆలస్యం తగ్గకపోగా ఇంచుమించు రెట్టింపైంది. ఆర్థికవేత్తలు నీజీ, రుస్తికీని 2000లో ప్రచురించిన అధ్యయనం ఇది. అంతవరకూ మొహమాటపడిన వాళ్లు, డబ్బు కడుతున్నాం కదా అని నిశ్చింతగా వచ్చారు. జరిమానా ఎత్తేశాక కూడా పాత మొహమాటం తిరిగి రాలేదు. అంటే జరిమానా కాస్తా ఆలస్యానికి ధరగా మారిపోయింది. ఇక మనం ఆ ధరకు పండగ డిస్కౌంటు కూడా ఇస్తున్నాం.

ఉప్పల్ డెలివరీ:
రాయితీని అంత తీసిపారేయకండి సార్. నెలకు రెండు మూడు చలాన్లు పడితే మాలాంటి వాళ్లకు పెట్రోలు డబ్బులే మిగలవు. కానీ రాయితీ ఇచ్చే వేళే తిరగబడింది. బ్రిటన్‌లో పార్కింగ్ జరిమానా 14 రోజుల్లో కడితే సగమే అని అక్కడున్న మా అన్న చెప్పాడు. ఇక్కడేమో ఎంత ఆలస్యం చేస్తే అంత లాభం.

తార్నాక లెక్చరర్:
సరిగ్గా పట్టుకున్నారు తమ్ముడూ. వచ్చే లాభం కంటే చేజారే సొమ్మే మనిషిని ఎక్కువ కదిలిస్తుందని మనస్తత్వవేత్తలు కానమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. పదిహేనో రోజు సగం రాయితీ పోతుందంటే పద్నాలుగో రోజు రాత్రికైనా కడతారు.

సైనిక్‌పురి సుజాత:
మాస్టారు గారి రెండో ప్రశ్నను, అదే డైలాగుల పోస్టుల సంగతిని, అందరూ వదిలేశారు. అమెరికాలోని అరిజోనాలో శిలగా మారిన చెట్ల ముక్కలను సందర్శకులు ఎత్తుకెళుతుంటే మనస్తత్వవేత్త సియాల్డీని బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. "చాలామంది ఎత్తుకెళ్లడం వల్ల అడవి పాడవుతోంది" అన్న చోట, గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయం. "దయచేసి తీయకండి" అన్న చోట 2 శాతం లోపే. రోజూ రాంగ్ రూట్ వీడియోలే చూపిస్తే, ఊరంతా ఇలాగే వెళుతోందని మనకు మనమే నేర్పుకుంటున్నట్టు.

రామంతాపూర్ మాస్టారు:
సుజాత గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. పాలప్యాకెట్ వాళ్లు వీడియోలు లేని కాలంలోనూ అలాగే వెళ్లేవారు, యూటర్న్ అంత దూరంలో ఉంది మరి. 14 రోజుల పద్ధతి మాత్రం నచ్చింది. అయితే చలానా పడిందన్న సంగతి ముందు చేరాలి కదా! బండి అమ్మేసినా పేరు మార్చని వాళ్లున్నారు, ఫోను నంబరు మారిన వాళ్లున్నారు. మా తమ్ముడు ఎప్పుడో అమ్మేసిన స్కూటరు చలాన్లు ఇప్పటికీ అతని ఫోనుకే వస్తున్నాయి. ఆ పద్నాలుగు రోజులు ఎవరికి, ఎప్పటి నుంచి లెక్కపెడతారు?